గడి ముందర దిగని మా కనకవ్వ టీచర్

మా మేనత్త కనకలక్ష్మి, ఊరందరికీ కనకవ్వ టీచర్, ‘ప్రశాంతంగా పరమపదించారు’ అని మా పునరావాస కాలనీ కమాను దగ్గర ఫ్లెక్సీ కట్టారు. పరమపదం సంగతి నాకు తెలియదు. ప్రశాంతంగా అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆమె జీవితంలో ఏ పనీ ప్రశాంతంగా చేయలేదు.

ఆ ఉదయం నేను సుల్తానాబాద్‌లో నా తరగతిలో పాఠం చెబుతున్నాను. ఫోన్ ఆగకుండా మోగుతుంటే వరండాలోకి వచ్చి తీశాను. మా తమ్ముడు. “అక్కా, అత్త పోయింది” అన్నాడు. “ఏడికి పోయింది?” అన్నాను. నిజంగానే అలా అడిగాను. ఎవరితోనో తేల్చుకోవడానికి కరీంనగర్ ఆఫీసులకు పోయి ఉంటుందనుకున్నాను. వాడు ఏడ్చాడు. అప్పుడు అర్థమై, వరండా స్తంభం పట్టుకుని కింద కూర్చున్నాను.

తెల్లవారి వాకిలి ఊడ్చి, పక్కింటి మురికి నీళ్లు తన గేటు ముందుకు వస్తున్నాయని వాళ్లకు చెప్పవలసింది చెబుతూ, మధ్యలో “ఆగు, జర నీళ్లు తాగొస్త” అని లోపలికి వెళ్లి కుర్చీలో కూలబడిందట. అంతే. గుండె ఆగింది. నేను చేరేసరికి ఆ పక్కింటామె గడప దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నది. “తిట్టుడన్న పూర్తిగ తిట్టకపాయె గదా చెల్లె! సగంల ఇడిసిపెట్టి పాయె. ఇగ నన్నెవలు తిడ్తరు?” అన్నది. ఆ తర్వాత సంతాప సభలో వక్తలు పలికిన విశేషణాలన్నీ ఒక తట్టలో పెట్టి తూచినా ఈ మాటకు సరితూగవు.

దినకర్మలు ముగిసిన తర్వాత కాలనీ హాలులో సంతాప సభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన పెద్దమనిషి ఆమె చిత్రపటానికి పూలమాల వేసి, గొంతు సవరించుకుని, “కనకవ్వ టీచర్ గొప్ప మనిషి. ఆ పడవ సంగతి ఒక్కటి పక్కనబెడితే ఆమెను వేలెత్తి చూపేటందుకు ఏం లేదు” అన్నాడు.

ఆ పడవ సంగతి పక్కన పెట్టడానికి నేను సిద్ధంగా లేను. కొన్నేళ్ల కిందట చలికాలంలో మా ఊరివాళ్లం మోటారు పడవల్లో విహారానికి వెళ్లినప్పుడు ఒక ముసలాయన నీళ్లలో పడ్డాడు. మా అత్త అరుపుకు బెదిరి పడ్డాడని ఈ పెద్దమనిషే అప్పుడు తేల్చాడు. ఆ నిందతోనే ఆమె బతికింది, ఆ నిందతోనే పోయింది. చచ్చిన తర్వాత కూడా దానిని దండతో పాటు ఆమె మెడలో వేశాడు. దానిని తీసి, అది ఎవరిదో వాళ్ల మెడలో వేయడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. సంస్మరణలో ఆగ్రహం తగదని కొందరు నాకు హితవు చెప్పారు. కనకవ్వ టీచర్ గురించి శాంతరసంలో రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టవుతుంది.

ఆ పెద్దమనిషి పేరు రాయను. పేరు రాస్తే ఆమె పక్కన ఆయనకూ చోటిచ్చినట్టే. మా ఊరివాళ్లు ఆయనను ఇప్పటికీ ‘చిన్నదొర’ అంటారు. ఆ పిలుపుకు ఆయన ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు గనుక నేనూ అలాగే రాస్తాను.

మా అత్తది దీర్ఘకాయం, శ్యామవర్ణం, కర్ర మింగినట్టు నిటారైన వెన్నెముక. వృత్తిరీత్యా వ్యాయామ ఉపాధ్యాయురాలు. జరీ చీరలు కట్టదు. మడమపైకి కట్టిన నేత చీర, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. ఆ వేషం చూసి మొదట్లో ఊరు నవ్వింది. “నవ్వుండ్రి. పండ్లు తెల్లగున్నంత సేపే” అనేది. ఆమె కంఠధ్వని దైవదత్తం. మైదానంలో ఏ మూల ఏ పిల్ల కాలు వంచి నిలబడినా పేరు పెట్టి పిలిచేది. ఈల ఊదడం ఆమెకు నామోషీ. “నోరున్నోళ్లకు పీకెందుకు?” అనేది.

ఒకసారి ఆమె పనిచేసే బడికి ఒక ప్రధానోపాధ్యాయుడు వచ్చాడు. ఆడపిల్లలకు వాలీబాల్ ఎందుకని ఆటసామాను గదికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. మా అత్త వాదించలేదు, అర్జీ పెట్టలేదు. మర్నాటి నుంచి ఆడపిల్లల కవాతును ఆయన గది కిటికీ కిందికి మార్చింది. ఆయన కుర్చీలో కూర్చోగానే “ఒకట్! రెండ్!” మొదలయ్యేది. ఫోన్ ఎత్తితే ‘ఒకట్’. పెద్ద అధికారి తనిఖీకి వచ్చి మాట్లాడుతుంటే ‘రెండ్’. చివరికి ఆయనే చెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, “టీచరమ్మా, నీకు దండం పెడత. పిల్లలను అవతలికి తోల్కపో” అన్నాడట. అప్పటికీ ఆమె శాంతించలేదు. ఆయన ఉద్యోగ విరమణ సభకు తన జట్టు పిల్లలందరినీ తీసుకెళ్లి, ఆయనకు శాలువాకు బదులు వాలీబాల్ బహూకరింపజేసింది.

“అన్నీ మర్చిపోతె బతుకు తేలికైతది అత్తా” అని నేను ఒకసారి అన్నాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతున్నది. తలెత్తకుండానే, “తేలికగ బతికెటందుకు నేనేమన్న దూదినా? మర్చిపోతె చేసినోనికి లాభం. ఆనికి లాభం చేసెటంత దోస్తు నాకెవడు లేడు” అన్నది.

ఈ పగ ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మా ఊరు రేగులవాడ గోదావరి ఒడ్డున ఉండేది. ఊరి నడుమ దొర గడి. ఎత్తైన గోడలు, ఏనుగు పట్టే దర్వాజ. గడి ముందు నుంచి పోయేవాళ్లు బండి మీద ఉంటే బండి దిగాలి, సైకిల్ మీద ఉంటే సైకిల్ దిగాలి. చెప్పులు చేతిలోకి రావాలి. భుజం మీది తువ్వాల చంకలోకి దిగాలి. అరుగు మీద కూర్చున్నవాళ్లు దొర కనబడితే లేచి నిలబడాలి. పెద్దదొర హైదరాబాదులో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. గడిలో పావురాలు, ఒక కావలి ముసలివాడు మిగిలారు. అయినా మా ఊరివాళ్లు దిగుతూనే ఉన్నారు. పావురాల ముందు కూడా దిగారు.

మా అత్త శిక్షణ పూర్తిచేసి కొత్త ఉద్యోగంలో చేరి, సైకిల్ కొనుక్కుని ఊరికి వచ్చింది. గడి మలుపులో మా తాత, అంటే ఆమె బాపు, ఎదురై, “దిగు బిడ్డా, నీ కాల్మొక్త, దిగు” అన్నాడట. “ఎవలున్నరు బాపు లోపట?” అని అడిగింది. “ఎవలుంటె ఏంది? గడి ఉన్నది గదా” అన్నాడట ఆయన. ఆమె దిగలేదు. గంట కొట్టుకుంటూ మరీ పోయింది.

కర్మవశాత్తు ఆ వారం పెద్దదొర ఊళ్లోనే ఉన్నాడు. మా అత్తను ఏమీ అనలేదు. ప్రభుత్వ ఉద్యోగి కదా. మా తాతను పిలిపించి, దర్వాజ ముందు ఎండలో నిలబెట్టాడు. పొద్దు గుంకే దాకా నిలబెట్టి, కారణం కూడా చెప్పకుండా పంపించాడు. తాత ఇంటికి వచ్చాడు. మర్నాటి నుంచి గడి తోవ వదిలి పొలాల గట్ల మీదుగా పోవడం మొదలుపెట్టాడు, చనిపోయే దాకా. మా అత్త మాత్రం అదే తోవలో, అదే సైకిల్ మీద, సెలవులకు వచ్చినప్పుడల్లా రోజుకు రెండు పూటలా గంట కొట్టుకుంటూ పోయింది. పనున్నా పోయింది, లేకున్నా పోయింది. “బాపును నిలవెట్టిండు. నేను ఆని గోడలకు నిద్ర పట్టనియ్య” అనేది.

తర్వాత గోదావరి మీద ప్రాజెక్టు వచ్చింది. ఊరు మునిగింది. నీళ్లు ఎక్కుతున్న రోజుల్లో జనమంతా గుట్ట మీద చేరి తమ తమ ఇళ్లను చూసి గుండెలు బాదుకున్నారు. మా అత్త కూడా మా ఇల్లు మునిగినప్పుడు ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, కాల్చిన మక్కకంకి చేతపట్టుకుని, ఒక రాయి మీద తీరుబడిగా కూర్చుని గడి వైపు తిరిగింది. నీళ్లు దర్వాజ దాటి, గోడలెక్కి, బురుజును మింగే దాకా అక్కడి నుంచి కదలలేదు. “మంచిగ మెల్లగ మునుగుతున్నది” అన్నది సంతృప్తిగా. ఊరు పోయిన దుఃఖంలో ఆమెకు దక్కిన ఏకైక ఉపశమనాన్ని మేము ఎవరమూ చెడగొట్టలేదు.

మునిగిన ఊరి మనుషులను ప్రతి చలికాలం ఒకచోట చేర్చాలన్న సంకల్పం ఆమెదే. మా వైపు వంటలకు పోవడమంటే తెలిసిందే. కుటుంబాలన్నీ కలిసి ఊరి బయట తోటలోనో గుట్ట కిందో వండుకు తిని వస్తాయి. మా వంటల జాగా నీళ్ల కిందికి పోయింది. “జాగా రాకపోతె మనమే దాని దగ్గరికి పోవాలె” అన్నది ఆమె. చేపలు పట్టే వాళ్లతో మాట్లాడి చిన్న చిన్న మోటారు పడవలు కుదిర్చింది. పుష్యమాసపు చలిలో, మంచు విడిపోగానే, పడవలన్నీ వరుసగా ఒడ్డు వెంబడి కదిలేవి. మా ఊరు ఒడ్డుకు దగ్గరలోనే మునిగింది గనుక, ఊరి మీదుగా పోయి, నీళ్లలోంచి తేలిన ఎల్లమ్మ గుట్ట దగ్గర దిగి, అక్కడ బగారన్నం, కోడికూర వండుకునేవాళ్లం. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు ఆ రోజు కోసం ప్రయాణం ముందుకో వెనక్కో జరుపుకునేవారు. బొగ్గు గనుల టౌన్‌షిప్పుల్లో స్థిరపడిన మా ఆడపిల్లలు పిల్లాజెల్లాతో దిగేవారు.

ఆ విహారానికి ఆమె ఒకే శాసనం పెట్టింది. పడవ ఎక్కిన వాళ్లు దిగే దాకా కూర్చోవాలి. “మొగులు మీద పడ్డా లేవద్దు. లేస్తె పడవ వంగుతది. వంగితె నేనూకోను, గోదారి ఊకోది.” ముసలివాళ్ల పడవలో తానే కూర్చునేది. లైఫ్ జాకెట్ల బకిళ్లు తానే బిగించేది.

చిన్నదొర ఇందులోకి ఎలా వచ్చాడంటారా? పెద్దదొర కొడుకు, హైదరాబాదులో పెద్ద వ్యాపారి. నీళ్ల మీదికి పోవడానికి అనుమతులు ఇప్పిస్తానన్నాడు, షామియానా పంపిస్తానన్నాడు. నిర్వాసితుల సంఘం మురిసిపోయి ఆయనను గౌరవాధ్యక్షుణ్ణి చేసింది. మా అత్త ఒక్కతే కాదన్నది. “ఆయనకేం మునిగింది? పావురాలే గదా?” అని అడిగింది. అందరూ నవ్వారు గాని, చేతులు ఆయన వైపే ఎత్తారు.

ఆ సంవత్సరం ఆయన ముందు పడవలో కూర్చున్నాడు. తెల్లటి దుస్తులు, నల్ల కళ్లద్దాలు. రెండో పడవలో ముసలివాళ్లు, మా అత్త, ఆమె పక్కన నేను. ఈ సంగతిలో నేను సాక్షిని. ఎవరో చెబితే విని రాయడం లేదు.

పొగమంచు పల్చబడి, ఒడ్డున పసుపు చేలు కనిపిస్తున్నాయి. మా పడవలో ఎల్లయ్య తాత, మల్లవ్వ పెద్దమ్మ ఎప్పటిలాగే నీళ్లలోకి వేలు చూపిస్తూ తగాదాపడుతున్నారు.

“గిది మా బాయి” అన్నాడు తాత.

“నీ బాయి ఇంకా అవతల. గిది మా పెరడు. నా బీరపాదు మీద పడవ తోలుతుండ్రు సూడు” అన్నది ఆమె.

“నీ బీరపాదుకు ఎన్నడన్న కాయ కాసెనా?”

“కాసింది. నువ్వు దొంగతనం చేసుకపోతుంటివి, నాకెట్ల దొరుకుతది?”

పడవంతా నవ్వింది. మా అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ మనిషి అంత నిష్కల్మషంగా నవ్వడం ఆ తర్వాత నేను చూడలేదు.

అప్పుడు ముందు పడవ వేగం తగ్గింది. చిన్నదొర లేచి నిలబడ్డాడు. ఆయనకు శాసనాలు వర్తించవు కదా. నడుం మీద చేయి వేసుకుని, మా వైపు తిరిగి, “ఇగో, సరిగ్గా ఇక్కడనే మా గడి దర్వాజ. ఎల్లయ్యా, యాదికున్నదా?” అని కేక వేశాడు.

తర్వాత జరిగింది ఎవరూ ఆలోచించి చేసింది కాదు. అది మనసు చేసిన పని కూడా కాదు, దేహం చేసిన పని. మా పడవలో ముసలివాళ్ల కాళ్లు ముందుగా చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి. ఎల్లయ్య తాత చేయి భుజం మీదికి పోయింది. తువ్వాల లైఫ్ జాకెట్ కింద ఇరుక్కుని ఉంది. ఆయన గబగబా బకిళ్లు విప్పాడు, జాకెట్ తొలగించాడు, తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. లేచాడు. ఆయనతో పాటు ఆ పడవలోని ముసలివాళ్లంతా, గడి ఉన్న పక్కకు తిరిగి, ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

పడవ ఆ పక్కకు ఒరిగింది.

“కూసోండ్రి!” అని మా అత్త అరిచింది.

వాళ్లు లేచిన తర్వాత అరిచింది. ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. నిలబడింది ముందు, అరుపు తర్వాత. ఆ అరుపుకే చాలామంది మళ్లీ కూలబడ్డారు. పడవ నిలిచింది. ఎల్లయ్య తాత ఒక్కడే నిలదొక్కుకోలేక నీళ్లలో పడ్డాడు, ఒంటి మీద జాకెట్ లేకుండా. మా అత్త చీర కుచ్చిళ్లు దోపి దూకింది. ఆయన తల పైకెత్తి పట్టి, పడవ నడిపే అతను చెయ్యందించే దాకా ఆ మంచునీళ్లలో కాళ్లాడించింది. నేను ఆయన రెక్క పట్టి పైకి లాగుతుంటే చూశాను. చంకలోంచి జారకుండా పట్టుకున్న తువ్వాల ఆయన పిడికిలిలో అలాగే ఉంది.

గుట్ట దగ్గర మంట వేసి ఆయనను కూర్చోబెట్టారు. మా అత్త తన స్వెట్టర్ ఆయనకు తొడిగి, తాను తడిచీరతో వణుకుతూ నిలబడింది. చిన్నదొర తన పడవ దిగి, కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి, “ఏం టీచరమ్మా, ముసలోళ్ల మీద గట్లనా అరిచేది? బెదిరి లేచిండ్రు పాపం. ప్రాణం మీదికొచ్చేది” అన్నాడు.

నేను నోరు తెరిచాను. నా నోరు తెరుచుకుంటే ఎలా ఉంటుందో నన్నెరిగినవాళ్లకు తెలుసు. మా అత్త చేయి వెనక నుంచి వచ్చి నా నడుం గిచ్చింది. చర్మం కమిలేలా గిచ్చింది. నేను పడవలోని ముసలివాళ్ల వైపు చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. మల్లవ్వ పెద్దమ్మ మంటలో పుల్లలు ఎగదోస్తున్నది. ఎల్లయ్య తాత మోకాళ్లలో ముఖం దాచుకున్నాడు.

సంఘం ఆ తర్వాత సమావేశమైంది. విహారం బాధ్యత ఆమె దగ్గర నుంచి తీసేసి, ఇకమీదట ఆమె పడవ ఎక్కకూడదని తీర్మానించింది. ‘వయసు రీత్యా, అందరి క్షేమం దృష్ట్యా’ అట. ఆమె విన్నది. లేచి ఇంటికి వచ్చింది.

ఇంటికి వచ్చాక నేను ఆగలేదు. “ఎందుకు చెప్పవు? అందరు చూసిండ్రు గదా. ఎందుకు లేచిండ్రో అందరికెరుకే గదా!” అని నిలదీశాను.

“ఏమని చెప్పాలె?” అన్నది. “నీళ్లల్ల మునిగిన గోడకు లేచి నిలవడ్డరని చెప్పాల్నా? ఊరూరు నవ్వుతది. నవ్వేది చిన్నదొరను చూసి గాదు. ఎల్లయ్య తాతను చూసి నవ్వుతరు. ఆయన మనుమలు నవ్వుతరు. గాయన ఇజ్జత్ పోతది.”

“మరి నీ ఇజ్జత్?”

“నాకేమైతది? నాకు పగ పట్టుడస్తది. గాయనకు రాదు, పాపం.”

అంత గొప్ప వాక్యం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. అంత కోపం తెప్పించిన వాక్యం కూడా ఇంకొకటి వినలేదు.

ఆ తర్వాత ప్రతి చలికాలం ఆమె ఒడ్డు దాకా వచ్చేది. ముసలివాళ్ల జాకెట్లు బిగించేది. “ఇప్పకుండ్రి” అని ఒక్కొక్కరికీ చెప్పేది. పడవలు కదిలిన తర్వాత గట్టు మీద కూర్చుని అవి కనుమరుగయ్యే దాకా చూసేది. వంట ఆమెకు టిఫిన్ డబ్బాలో వచ్చేది. ఆమె ఆ డబ్బా మూత తీయడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నదొర వచ్చి పలకరిస్తే మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా, “మంచిదే, పోయి రా” అనేది. ‘పోయి రండి’ అనలేదు. ఆ ఏకవచనమే ఆమెకు మిగిలిన ఆయుధం. దానిని పదును తగ్గకుండా వాడింది.

ఇక సంతాప సభకు వస్తాను. ‘ఆ పడవ సంగతి ఒక్కటి’ అన్న మాట విని నేను లేచాను. మా అత్త లేదు, గిచ్చే చేయి లేదు. ఆమె నోరు మూసుకోమన్నది నిజమే. ఆ ఆజ్ఞ ఆమె ఊపిరి ఉన్నంత వరకే అని నేను నిర్ణయించుకున్నాను. తప్పంటే పైకి వెళ్లిన తర్వాత ఆమెతోనే కొట్లాడి తేల్చుకుంటాను.

“అధ్యక్షుల వారు పడవ సంగతి ఎత్తిండ్రు. ఆ పడవల నేనున్న. జాకెట్ ఎందుకు విప్పిండ్రో, ఎందుకు లేచిండ్రో నేను చెప్పగలుగుత. గని పడ్డ మనిషి ఇక్కడే ఉన్నడు, ఆయన ఉండంగ నేనెందుకు? తాతా, ఆ దినం నువ్వెందుకు లేచినవ్?” అని అడిగాను.

“గిప్పుడు గా ముచ్చటెందుకమ్మా, చనిపోయిన మనిషి ముందర?” అన్నాడు చిన్నదొర. “చనిపోయిన మనిషి ముందర ఎత్తింది మీరే” అన్నాను.

ఎల్లయ్య తాత వెనక వరుసలో ఉన్నాడు. కర్ర ఊతగా లేచాడు. చిన్నదొర తన వైపు చూస్తుండగానే ఆయన చేయి భుజం మీది తువ్వాల మీదికి పోయింది. ఆయనను అందరి ముందు నగుబాటు చేస్తున్నానా అనిపించింది. అయినా ఆగలేదు.

“తాతా, కూసొని చెప్పు” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత దండ వేసిన చిత్రపటం వైపు చూశాడు. పక్కనున్న మనుమడు “కూసో తాత” అని మెల్లగా అన్నాడు. ఎల్లయ్య తాత కూర్చున్నాడు. తువ్వాల భుజం మీదే ఉంది. కూర్చునే చెప్పాడు.

“గడి అన్నడు దొర. గడి ముంగట కూసుంటమా? లేసిన. జాకిట్ నేనే ఇప్పిన, తువ్వాల దీసెటందుకు. కనకవ్వ లేవమని అరవలే. కూసోమని అరిసింది. ఆమె అరవకపోతె పడవంత మునుగుతుండె. నన్ను జుట్టు పట్టి తేలగొట్టింది ఆమెనే. ఇన్నేండ్లు నేను చెప్పలే. సిగ్గయ్యింది. నీళ్లకు లేసి నిలవడ్డ అని ఎట్ల చెప్పుకోను? ఆమె మీద పడ్డది, పడనీ అనుకున్న.”

ఎవరూ నవ్వలేదు. మా అత్త ఆ ఒక్క విషయంలో పొరపాటు పడింది. మల్లవ్వ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, “నేను గూడ లేసిన. అందరం లేసినం” అన్నది. ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. చిన్నదొర గడియారం చూసుకుని, హైదరాబాదులో పని ఉందని కారు దగ్గరికి నడిచాడు. ఆయన హాలు దాటి పోతుంటే ముసలివాళ్లు లేవలేదు. నేను ఒక్కొక్కరినీ చూశాను. ఒక్కరూ లేవలేదు. కనకవ్వ టీచర్ ఇది చూసి ఉండవలసింది. ఇది ఆమె ఆస్తి. బతికి ఉండగా ఆమెకు దక్కవలసిన దృశ్యాన్ని ఆమె దండ వేసిన ఫోటోకు చూపించాము.

మర్నాడు చిన్నదొర మనిషి ఒకడు వచ్చి, ‘అయ్యగారు బాధపడుతుండ్రు. ఈ ఏటి నుంచి విహారానికి టీచరమ్మ పేరే పెడదామంటుండ్రు’ అని చెప్పాడు. అందుకు నా సమాధానం ఇదే. అందరూ చదువుతారు గనుక ఇక్కడే రాస్తున్నాను. అయ్యా, ఆమె పేరు పెట్టడానికి మీ అనుమతి అక్కర లేదు. మీ క్షమాపణ కూడా నాకు వద్దు. దానిని పుచ్చుకునే హక్కు ఉన్న మనిషి లేదు. నాకు ఆ హక్కు ఆమె రాసివ్వలేదు. మీరు దానిని మోసుకుని తిరగవలసిందే, ఆమె మీ అబద్ధాన్ని మోసినట్టు. ఎంత బరువుందో అప్పుడు తెలుస్తుంది.

సంఘంలో సగం మంది నాతో మాట్లాడటం లేదు. ముసలివాళ్లను అల్లరిపాలు చేశానంటున్నారు. మాట్లాడకపోతే నష్టం వాళ్లదే. పుష్యమాసం దగ్గరపడుతున్నది. పడవలు వస్తాయి. ముసలివాళ్లు వస్తామంటున్నారు. రెండో పడవలో ఎవరు కూర్చుంటారని అడిగితే అందరూ నన్నే చూస్తున్నారు.

మా అత్త పగ నాకు సంక్రమించింది, సందేహం లేదు. అది మోయగలను. ఆమె గొంతు నాకు వచ్చిందా అన్నదే అనుమానం. మొన్న సాయంత్రం ఒక్కదాన్నే గోదావరి గట్టు మీద నిలబడి, ఊరు మునిగిన చోటు వైపు తిరిగి, “కూసోండ్రి!” అని నా శక్తికొద్దీ అరిచి చూశాను. నీళ్ల మీద కొంగలు ఉన్నాయి. ఒక్కటి కూడా కదలలేదు.